రెక్కలో చెయ్యి ఉంది: మీ బొమ్మల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పక్షుల గురించే అడిగారు, కొందరు గబ్బిలాలు, డ్రాగన్లు, గరుత్మంతుడు కూడా అడిగారు. అందుకే రంగుల ప్రశ్నలన్నీ వచ్చేసారికి ఉంచేసి ఈసారి అంతా రెక్కల సంగతే మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఫోటో ఎదురుగా పెట్టుకుంటే గద్ద బాగానే వస్తుంది మేడమ్. ఫోటో తీసేసి సొంతంగా వేస్తే మాత్రం రెక్క ఒంటికి అతికించిన విసనకర్రలా ఉంటోంది. అనాటమీ నేర్చుకోమంటున్నారు, ఆ ఎముకల పేర్లు చూస్తేనే భయమేస్తోంది. నిజంగా అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా, కానీ పేర్లు అక్కర్లేదు. పేర్లు బట్టీ పట్టి కూడా విసనకర్రలే వేసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. మీకు కావాల్సింది మూడు కీళ్ళు, అంతే. లేచి నిలబడి మీ కుడి చెయ్యి పక్కకి చాపండి. భుజం, మోచెయ్యి, మణికట్టు ఉన్నాయి కదా, పక్షి రెక్కలో కూడా అవే మూడు, అదే వరసలో ఉంటాయి. భుజం నుంచి మోచెయ్యి దాకా ఒక ఎముక, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు, అక్కడి నుంచి అరచెయ్యి, వేళ్ళు. మనకి అయిదు వేళ్ళుంటే దానికి మూడే మిగిలాయి, వాటిలో కూడా చాలా భాగం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బొటనవేలు లాంటిది ఒకటి విడిగా ఉంటుంది, దాని మీద చిన్న ఈకల గుత్తి ఉంటుంది, పక్షి నెమ్మదిగా దిగేటప్పుడు ఆ గుత్తి పైకి లేస్తుంది. గద్ద వాలుతున్న ఫోటో ఈసారి చూసినప్పుడు రెక్క ముందంచులో వెతకండి, కనిపిస్తుంది.

ఇప్పుడు చాపిన చేతిని కొంచెం ముడవండి, మోచెయ్యి వెనక్కి పోవాలి, మణికట్టు ముందుకి రావాలి. ఇంగ్లీషు జెడ్ అక్షరంలాగా ఒక మెలిక వస్తుంది. రెక్క అంటే ఆ మెలికే. పూర్తిగా తెరిస్తే జెడ్ దాదాపు సాగిపోతుంది, ముడిస్తే మూడు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. కూచున్న పావురానికి రొమ్ము పక్కన గుండ్రంగా ఒక మూపు కనిపిస్తుంది, దాదాపు అందరూ దాన్ని భుజం అనుకుంటారు. అది మణికట్టు! అసలు భుజం ఇంకా లోపల, ఈకల కింద ఉంటుంది. ఈ ఒక్క పొరపాటు వల్లే చాలా బొమ్మల్లో రెక్క తెరిచినప్పుడు సరిపోక కురచగా అయిపోతుంది, ఎందుకంటే మణికట్టుని భుజం అనుకుని అక్కడి నుంచి మొదలుపెడితే సగం చెయ్యి మాయమైపోయినట్టే కదా.

మరి ఎముకలు అంత మెలిక తిరిగితే రెక్క ముందంచు ఎందుకు నున్నగా కనిపిస్తుంది అంటారేమో, భుజానికీ మణికట్టుకీ మధ్య తెరచాపలా ఒక పల్చటి చర్మం సాగి ఉంటుంది, మోచేతి దగ్గర పడే గుంటని అది కప్పేస్తుంది. ఎముకలు గీసి ఈ చర్మం మర్చిపోతే రెక్క కోసుకుపోయినట్టు వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఇది నాకు తెలిసిన రోజు నుంచి నా బొమ్మలే మారిపోయాయి కాబట్టి మీకూ చెప్తున్నా. మనం మోచెయ్యి ముడిచి మణికట్టు చాపగలం, పక్షికి అది అంత తేలిగ్గా కుదరదు. ముంజేతిలో ఉన్న రెండు ఎముకలు ఒకదాని పక్కన ఒకటి జరిగి, మోచెయ్యి తెరుచుకుంటే మణికట్టు కూడా దానంతటదే తెరుచుకునేలా చేస్తాయి, ముడుచుకుంటే రెండూ కలిసే ముడుచుకుంటాయి. అందుకని మోచెయ్యి బాగా ముడిచి ఉండి చెయ్యి మాత్రం నిటారుగా చాపుకున్న రెక్క వేస్తే, చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఏదో విరిగినట్టు అనిపిస్తుంది.

అభ్యాసం ఏం చెయ్యాలంటే, ఎగిరే పక్షుల ఫోటోలు ఒక 20 తీసుకుని వాటి మీద ట్రేసింగ్ పేపర్ పెట్టండి. ఈకల జోలికి పోవద్దు. భుజం, మోచెయ్యి, మణికట్టు ఎక్కడున్నాయో మూడు చుక్కలు పెట్టి గీతలతో కలపండి, అంతే. ముందంచులో బాగా ముందుకి పొడుచుకొచ్చిన చోటు మణికట్టు, మోచెయ్యి మాత్రం ఒంటికి దగ్గరగా వెనకవైపు దాక్కుని ఉంటుంది. 20 అయ్యాక ఫోటోలు మూసేసి కీళ్ళతో మొదలుపెట్టి సొంతంగా ఒకటి వెయ్యండి, తర్వాత ఫోటో తెరిచి పోల్చుకోండి. ఫోటో చూస్తూ వేసినప్పుడు మన కన్ను అంచుల్ని కాపీ కొడుతుంది, మూసి వేసినప్పుడే మనకి ఏం తెలుసో ఏం తెలియదో బయటపడుతుంది. కొలతలు మాత్రం పక్షిని బట్టి మారతాయి, ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షికి భుజం ఎముక, ముంజేయి రెండూ చాలా పొడుగు, అదే హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి పిట్టకి అవి బాగా పొట్టి, రెక్కలో ఎక్కువ భాగం మణికట్టు తర్వాతి చెయ్యే.

ప్రశ్న: ఎన్ని ఈకలు వెయ్యాలి? లెక్కపెట్టి వేస్తే జల్లెడలా ఉంటోంది, లెక్కలేకుండా వేస్తే గడ్డిలా ఉంటోంది.

జవాబు: లెక్క తెలుసుకోండి, కానీ లెక్కతో మొదలుపెట్టకండి. పొడుగాటి ఈకలు రెండు గుంపులు. మణికట్టు దాటాక ఉన్న చేతి నుంచి పుట్టేవి బయటి గుంపు, ఇవి చాలా పక్షులకి 10 ఉంటాయి, చిన్న పాటపిట్టల్లో కొన్నింటికి 9 మాత్రమే కనిపిస్తాయి. ముంజేతి నుంచి పుట్టేవి లోపలి గుంపు, వీటి లెక్క మాత్రం పక్షికీ పక్షికీ బోలెడు తేడా, హమ్మింగ్‌బర్డ్‌కి ఆరో ఏడో ఉంటే పెద్ద ఆల్బట్రాస్‌కి 40 దాకా ఉంటాయి. ఆల్బట్రాస్ ముంజేయి పొడుగని పైన చెప్పుకున్నాం కదా, పొడుగు ముంజేతిని నింపాలంటే అన్ని ఈకలు కావాలి మరి. ఈ రెండు గుంపుల మీదా ఇంటి పైకప్పు పెంకుల్లా చిన్న ఈకలు వరసలు వరసలుగా కప్పుకుని ఉంటాయి. ముందు గుంపుల ఆకారాలు మాత్రమే గీసి, ఏ గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చుకున్నాక, బయటి గుంపులో మాత్రం ఈకలు విడివిడిగా వెయ్యండి. మిగతా చోట్ల అంచు మీద అక్కడొకటి ఇక్కడొకటి చూపిస్తే చాలు, కన్ను మిగతాది నింపుకుంటుంది.

ఒక్కో ఈక మీద మాత్రం శ్రద్ధ పెట్టాల్సిన విషయం ఒకటుంది. బయటి గుంపు ఈకలో కాడ నడి మధ్యలో ఉండదు. గాలికి ఎదురుగా ఉండే వైపు సన్నగా, వెనక వైపు వెడల్పుగా ఉంటుంది. పై నుంచి చూస్తే లోపలి ఈక తన పక్కనున్న బయటి ఈక మీదకి ఎక్కి ఉంటుంది, అంటే పై నుంచి మనకి ఎక్కువగా కనిపించేది సన్నని అంచులే, వెడల్పు భాగాలు కింద దాక్కుంటాయి. అదే పక్షిని కింద నుంచి చూసి వేస్తే తిరగబడుతుంది, వెడల్పు భాగాలు కనిపిస్తాయి. రెక్కని కిందకి కొట్టినప్పుడు గాలి ఆ వెడల్పు భాగాన్ని పైనున్న ఈకకి అదిమి పెట్టి సందు మూసేస్తుంది, అందుకే ఆ అమరిక. కారణం తెలిస్తే ఇంక ఎప్పటికీ తారుమారు చెయ్యరు.

ఇక్కడ ఒక బొమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాదాపు 500 ఏళ్ళ కింద ఒక్క రెక్కని మాత్రమే నీటిరంగుల్లో వేశాడు, ఇప్పుడది వియన్నాలో అల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. ఆ రెక్క మన పాలపిట్టకి దగ్గరి చుట్టమైన యూరప్ పక్షిది. అదే నీలం, అదే ఆకుపచ్చ. దాన్ని పెద్దది చేసుకుని చూడండి, పై వరస చిన్న ఈకలు ఎలా మెత్తగా కలిసిపోయాయో, కింద పొడుగు ఈకలు ఎలా కత్తుల్లా విడిగా ఉన్నాయో చూస్తే నేను పైన రాసిందంతా ఆ ఒక్క బొమ్మలో దొరుకుతుంది. నేను దాన్ని ఎన్నిసార్లు చూసి వేశానో లెక్కలేదు, ఇప్పటికీ కొత్తది ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పక్షి మోకాలు వెనక్కి వంగుతుందా? నా కొంగ ఎప్పుడూ ముందుకి పడిపోయేలా ఉంటుంది.

జవాబు: వెనక్కి వంగేది మోకాలు కాదు, చీలమండ. మోకాలు పొట్ట పక్కన ఈకల లోపల ఉంటుంది, అది మనలాగే ముందుకే వంగుతుంది. తొడ కూడా లోపలే, మనకి బయటికి కనిపించేది పిక్క కింది భాగమూ, చీలమండా, ఆ కింద సన్నగా పొడుగ్గా ఉండేది పాదమూ. అంటే పక్షి ఎప్పుడూ మునివేళ్ళ మీద నడుస్తోంది అన్నమాట.

మీ కొంగ పడిపోవడానికి కారణం కాళ్ళు తోక దగ్గర పెట్టి ఉంటారు. ఒళ్ళు ఒక గుడ్డు అనుకుని బరువు మధ్యలో ఎక్కడుందో అక్కడ చుక్క పెట్టి, నేరుగా కిందకి నిలువు గీత గీయండి, ఆ గీత వేళ్ళ మధ్య నేలని తాకాలి. ఒంటికాలి మీద నిలబడితే ఆ ఒక్క పాదం కిందకి రావాలి. వేళ్ళు మామూలుగా ముందుకి మూడు, వెనక్కి ఒకటి. చిలకకీ వడ్రంగిపిట్టకీ రెండు ముందుకి, రెండు వెనక్కి. వేళ్ళ కణుపులకి కూడా ఒక అందమైన లెక్క ఉంది, వెనక వేలికి 2, లోపలి వేలికి 3, నడిమి వేలికి 4, బయటి వేలికి 5, గోరున్న కణుపుతో కలిపి. కొమ్మని పట్టుకున్న కాలు వేసేటప్పుడు వేలు ఎక్కడెక్కడ వంగాలో ఈ లెక్కే చెప్తుంది.

కొంగ అన్నారు కాబట్టి మెడ సంగతి కూడా. మనకీ జిరాఫీకీ మెడలో 7 పూసలే, పక్షులకి 13 నుంచి 25 దాకా ఉంటాయి. పొట్టి మెడ అనుకునే పావురంలో కూడా లోపల ఎస్ ఆకారంలో మెలిక ఉంటుంది, ఈకలు కప్పేస్తాయి. తెల్లకొంగ ఎగిరేటప్పుడు మెడ వెనక్కి ముడుచుకుంటుంది, సారస కొంగ చాపుకుని ఎగురుతుంది. ఇవి రెండూ కలిపేస్తే పక్షులు తెలిసినవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

ప్రశ్న: గుడ్లగూబ కళ్ళు పక్కకి చూస్తున్నట్టు వేస్తే ఎందుకో బొమ్మ కార్టూన్‌లా అయిపోతోంది.

జవాబు: గుడ్లగూబ కంటిపాప పక్కకి తిప్పలేదు కాబట్టి. దాని కన్ను గుండ్రంగా కాదు, గొట్టంలా ఉంటుంది, గూట్లో కదలదు. పక్కకి చూడాలంటే తలే తిప్పాలి, 270 డిగ్రీల దాకా తిప్పగలదు కూడా. చూపు మార్చాలంటే మొహం మొత్తం తిప్పి వెయ్యండి, చాలు.

ప్రశ్న: నెమలి తోక ఎక్కడ మొదలవుతుంది? పురి విప్పిన నెమలిని వెనక నుంచి వెయ్యాలి.

జవాబు: మనం పింఛం అనేది అసలు తోక కాదు. తోక పైన కప్పుకుని ఉండే ఈకలు అంత పొడుగ్గా పెరిగాయి, నడుము దిగువన మొదలవుతాయి. అసలు తోక వాటి వెనక ఉంటుంది, పొట్టిగా గట్టిగా ఉండే 20 ఈకలు, పురి విప్పినప్పుడు అవే లేచి పింఛానికి ఆనుడుగా నిలబడతాయి. మీరు వెనక నుంచి వేస్తున్నారు కాబట్టి మీ బొమ్మకి ఆ 20 ఈకల చిన్న విసనకర్రే ముఖ్యం, దాని చుట్టూ పింఛం ఈకల కాడలు కిరణాల్లా విచ్చుకోవాలి.

ప్రశ్న: గరుత్మంతుడిని వేస్తున్నా మేడమ్. చేతులూ ఉండాలి, రెక్కలూ ఉండాలి. వీపు మీద ఎక్కడ అతికించాలో తెలియట్లేదు. మా తమ్ముడికి డ్రాగన్ల పిచ్చి, వాడిదీ ఇదే గోల.

జవాబు: దేవుడి బొమ్మకి అనాటమీ రూల్స్ అడ్డం పెట్టకూడదు, ఆ సంప్రదాయంలో వేస్తే దాని కొలతలు దానికున్నాయి, అవే పాటించండి. కానీ నిజంగా ఎగరగలడు అని నమ్మించేలా వెయ్యాలంటే మాత్రం ఇలా ఆలోచించండి.

రెక్క చెయ్యే కదా, అంటే మనిషి ఒంటికి రెక్కలు పెడుతున్నామంటే రెండో జత చేతులు పెడుతున్నాం. చేతికి భుజం కీలు, దాని వెనక వీపు మీద పలకలా పరుచుకుని ఉండే భుజపు ఎముక ఒకటి కావాలి. కాబట్టి మామూలు భుజాల కింద, కొంచెం వెనగ్గా ఇంకో జత భుజాలు ఊహించుకోండి, చర్మం కింద ఆ ఉబ్బు కనిపించాలి. ఉట్టి వీపు మీద బొందలోంచి మొలిచినట్టు పెడితేనే అతికించినట్టు ఉంటుంది.

అందరూ చేసేది ఏంటంటే వీపు మీద కండలు పెంచేస్తారు. పక్షిలో ఎగిరే కండలు వీపు మీద ఉండవు, రొమ్ము మీద ఉంటాయి. రెక్కని కిందకి కొట్టే కండ రొమ్ముదే, ఆశ్చర్యం ఏంటంటే పైకి లేపే ముఖ్యమైన కండ కూడా రొమ్ములోనే దాని కింద ఉంటుంది, దాని స్నాయువు (కండని ఎముకకి కట్టే గట్టి నార) భుజం మీదుగా గిలకలో తాడులా తిరిగి రెక్క పైభాగానికి కట్టుకుంటుంది. వాటికి పట్టు దొరకడానికే పక్షి రొమ్ము ఎముక మధ్యలో పడవ అడుగులా ఒక పలక ముందుకి పొడుచుకొస్తుంది. అందుకని మీ గరుత్మంతుడికి బోర బాగా లోతుగా, ముందుకి వెయ్యండి, నడుము సన్నబడనివ్వండి. రెక్కలు లేకుండా గీసినా సరే, వీడికి రెక్కలుండాలే అనిపించాలి.

రెక్కల సైజు విషయంలో మొహమాటపడకండి. ఇప్పుడు బతికున్న వాటిలో రెక్కల వెడల్పు (చాపినప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా) ఎక్కువున్నది వాండరింగ్ ఆల్బట్రాస్, 3.5 మీటర్ల దాకా వస్తుంది, ఆ పక్షి బరువు మాత్రం పది కిలోల చుట్టుపక్కలే. మనిషి బరువుని లేపాలంటే రెక్కలు దానికి ఇంకెంత పెద్దవి కావాలో చూడండి. ముడిచినప్పుడు తల పైకి లేచి, కింద మడమల దాకా వేలాడేంత ఉన్నా ఎక్కువ కాదు.

తమ్ముడి డ్రాగన్‌కి వస్తే, తోలు రెక్కలకి రెండు నమూనాలున్నాయి, ఏదో ఒకటి ఎంచుకోమనండి. గబ్బిలంలో చేతి వేళ్ళే గొడుగు ఊచల్లా సాగాయి, బొటనవేలు మాత్రం గోరుతో విడిగా పైన ఉంటుంది, మిగతా నాలుగు వేళ్ళ మధ్యా తోలు సాగి పక్కనుంచి కాళ్ళ దాకా వస్తుంది. ఎప్పుడో అంతరించిపోయిన ఎగిరే సరీసృపాలు టెరోసార్లలో అలా కాదు, ఒక్క నాలుగో వేలే అంత పొడుగు సాగి రెక్క మొత్తాన్ని మోసింది, మిగతా మూడు వేళ్ళు చిన్నగా గోళ్ళతో ఉండేవి. క్వెట్జల్‌కోట్లస్ అనే టెరోసార్‌కి రెక్కల వెడల్పు 10 మీటర్ల దాకా ఉండేది, డ్రాగన్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. గబ్బిలం ఊచలన్నీ మణికట్టు దగ్గర ఒకే చోట కలవాలి, ఇది తప్పనిసరి. ఊచలు రెక్క పొడుగునా తలా ఒక చోటి నుంచి మొలుస్తున్న డ్రాగన్లు చాలా కనిపిస్తాయి, అవి ముడుచుకోలేవు. ముడుచుకోలేనిది గొడుగైనా రెక్కైనా తెరుచుకున్నట్టు నమ్మించలేదు. నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు కావాలంటే గరుత్మంతుడి సూత్రమే, రెండో జత భుజాలు.

తూనీగ రెక్కలో సీతాకోకచిలుక రెక్కలో పెట్టాలనుకుంటే ఇదంతా మర్చిపోండి, పురుగు రెక్క చెయ్యి కాదు. దాంట్లో ఎముక, మోచెయ్యి ఏమీ ఉండవు, నడిమి భాగం పెంకు నుంచి పుట్టిన పల్చటి పొర, ఈనెలతో. మధ్యలో కీలు పెట్టి వంచకండి, కదలిక అంతా మొదట్లోనే ఉండాలి.

ప్రశ్న: రిఫరెన్స్ ఎక్కడ తీసుకోవాలి? నెట్‌లో దొరికే ప్రతి ఫోటో పనికొస్తుందా?

జవాబు: రాదు. ఈమధ్య ఏఐ తయారుచేసిన పక్షులు ఫోటోల మధ్య కలిసిపోయి వస్తున్నాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ మణికట్టు ఉండదు, ఈకలు ఎక్కడి నుంచో మొదలై ఎక్కడికో పోతాయి, వేళ్ళ లెక్క తప్పుతుంది. అలాంటి దాంట్లోంచి నేర్చుకుంటే తప్పే చేతికి అలవాటవుతుంది, అందుకే ఎవరు తీశారో తెలిసిన ఫోటోలు మాత్రమే వాడండి. మ్యూజియంలో అస్థిపంజరం దొరికితే అంతకన్నా మంచిది లేదు, చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచి వెయ్యండి. గడ్డి కూరి నిలబెట్టిన పక్షుల్ని మాత్రం ఈకల కోసం, రంగు కోసం చూడండి, భంగిమ కోసం నమ్మకండి, అది నిలబెట్టినవాళ్ళ ఊహ కావచ్చు.

ఎగిరేవాటికి స్లో మోషన్ వీడియో పెట్టుకుని ఆపుతూ వెయ్యండి. ఫోటోల్లో ఎక్కువగా రెక్క బాగా పైకో బాగా కిందకో ఉన్నవే దొరుకుతాయి, మధ్యలో ఏం జరుగుతుందో వీడియోలోనే తెలుస్తుంది. పైకి లేపేటప్పుడు మణికట్టు ముడుచుకుని రెక్క చిన్నదవుతుంది, కిందకి కొట్టేటప్పుడు పూర్తిగా విచ్చుకుని కొంచెం ముందుకి కూడా వెళ్తుంది. ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1882లో ఇది చూడ్డం కోసమే తుపాకీ ఆకారంలో ఒక కెమెరా తయారుచేశాడు, సెకనుకి 12 బొమ్మలు తీసేది. ఆయన అంత కష్టపడి పట్టుకున్నది ఇప్పుడు మన జేబులో ఫోన్ చేస్తోంది, వాడుకోండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు, ఎప్పుడూ పక్షులే వేస్తుంది. ఇప్పటి నుంచే ఎముకలు నేర్పించమంటారా?

జవాబు: వద్దండీ, తను వేస్తున్నట్టే వెయ్యనివ్వండి. చెట్టు కింద రాలిన పొడుగాటి రెక్క ఈక ఏదైనా దొరికితే తన చేతికివ్వండి, తర్వాత చేతులు కడిగించండి. కాడకి ఏ వైపు సన్నగా ఉందో ఏ వైపు వెడల్పుగా ఉందో చూడమనండి, కాడ మీద గాడి ఉన్న వైపు అడుగు అని చెప్పండి. పై వైపు తనకి కనిపించేలా, కొస పైకి ఉండేలా పట్టుకున్నప్పుడు సన్నని అంచు ఎడమ పక్కన ఉంటే అది కుడి రెక్క ఈక, కుడి పక్కన ఉంటే ఎడమ రెక్కది. ముందు మీరు చెప్పకుండా ఏ రెక్కదో తననే కనిపెట్టమనండి.